కొండెక్కకుండా తిరుపతి వెళ్ళిన రోజు

చంద్రగిరి కోట గురించి తొమ్మిదేళ్ళు పాఠం చెప్పాను. రాజమహల్‌కు అంతస్తులెన్నో, ఇంగ్లీషు దొరలకు మద్రాసు స్థలం రాసిచ్చింది ఎక్కడో, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ కోట మా చిత్తూరు నుంచి రైల్లో రెండున్నర గంటల దూరం. ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి బయటపడింది తొమ్మిదో తరగతిలో. ఒక పిల్ల లేచి, "టీచర్, ఆ మహల్‌కు మెట్లు లోపలుంటాయా, బయటుంటాయా?" అని అడిగింది. పుస్తకంలో అది లేదు. "లోపలే" అన్నాను ధైర్యంగా. ఆ పూటంతా నాకు తిండి సహించలేదు.

మర్నాడు మా బాలికల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ రుక్మిణమ్మ గారి గదిలోకి వెళ్ళాను. ఈ ఏడు పిల్లల్ని చంద్రగిరికి విహారయాత్ర తీసుకెళ్దామని అడిగాను. ఎనిమిదేళ్ళుగా మా స్కూల్లో విహారయాత్ర అన్న మాటే లేదు. ఎందుకు లేదో ఆ తర్వాత బదిలీ మీద వచ్చిన నాలాంటివాళ్ళం అడగలేదు, పాతవాళ్ళు చెప్పలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ముందు నేను పోయి చూడాల. ఎవరైనా గైడును మాట్లాడు వసంతా. ఏమీ తెలియకుండా పోయి రాళ్ళు లెక్కపెట్టి రావడం నాకు చేతగాదు" అన్నారు.

తిరుపతిలో లాడ్జి నడిపే మా చిన్నమామను అడిగితే మునిరత్నం అనే ఆయన్ని కుదిర్చాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా మా ఇద్దరికే గైడు, ముప్ఫై రూపాయలు. ఫిబ్రవరి రెండో శనివారం ఖాయమైంది. సాయంత్రానికి ఆవిడ సరేనంటే నలభైమంది ఆడపిల్లలకు కోట కళ్ళారా చూసే యోగం. కాదంటే వాళ్ళూ నాలాగే నల్లబల్ల మీద చూసి ఊరుకోవాలి. నేను ముందురోజే పులిహోర కలిపి, కారియర్ కడిగి, టార్చిలైటు కూడా సంచిలో పెట్టుకున్నాను. పట్టపగలు కోటకు టార్చి ఎందుకని మా ఆయన అడిగితే, సొరంగాలుంటాయేమో అన్నాను.

చిత్తూరులో పాసింజరు బండి ఉదయం అయిదూ నలభైకి. టికెట్టు మనిషికి మూడు రూపాయల చిల్లర. చిన్న పట్టాల బండి కాబట్టి తొందరేమీ ఉండదు. పాకాల జంక్షన్‌లో ఇరవై నిమిషాలు ఆగింది. అక్కడి ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ మాత్రం నీళ్ళు. పాకాలలో ఒక పూలామె రెండు కనకాంబరాల గంపలతో ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. తిరుచానూరులో అమ్మవారి గుడి ముందర ఆమె అంగడి.

"కొండకా అమ్మా?" అని పలకరించింది.

"కాదు, చంద్రగిరి కోటకు" అన్నాను హుషారుగా.

"ఆడేముండాది? మేకలుండాయి." ఆమె మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. "తిరుపతి దాకా పొయ్యి కొండెక్కకుండా వచ్చేస్తారా? అయ్యో తల్లీ!"

రుక్మిణమ్మ గారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. చిత్తూరు జిల్లాలో పుట్టిన మనిషి తిరుపతిలో దిగి కొండెక్కకుండా తిరిగి వచ్చిందంటే ఇంట్లో ఏ జవాబు చెప్పుకోవాలి? తర్వాత తెలిసింది, ఆవిడ ఇంట్లో 'పరీక్షల పని మీద పోతున్నా' అని చెప్పి వచ్చారట. పూలామె మా మీద జాలిపడి, ఇద్దరికీ చెరో మూర కనకాంబరాలు తుంచి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "కింద నించే సామికి దండం పెట్టుకోండి, ఏమీ అనుకోడులే" అంది.

పనపాకం దాటాక కొండల వరస మొదలైంది. చంద్రగిరి స్టేషన్ దగ్గర బండి నెమ్మదించగానే నేను కిటికీ చువ్వల్లో ముక్కు దూర్చేశాను. నున్నటి పెద్ద బండల కొండ, దాని పాదాల దగ్గర గోపురాల్లాంటి శిఖరాలతో మహల్! "మేడం, అదిగో! అదిగో!" అని అరిచాను. పెట్టెలో అందరూ అటు తిరిగి చూసి, ఏమీ లేదనుకుని మళ్ళీ మామూలుగా కూర్చున్నారు. నాకు అక్కడే దిగిపోవాలనిపించింది. కానీ గైడు తిరుపతిలో కాచుకొని ఉన్నాడు, పైగా కింది తిరుపతిలో గోవిందరాజస్వామిని అయినా చూడకుండా కోట మెట్టు తొక్కనని మేడం ముందే చెప్పారు.

ఎనిమిదిన్నరకు తిరుపతి స్టేషన్. శనివారం కదా, ప్లాట్‌ఫారం నిండా గుండ్లు, పసుపు గుడ్డలు, గోవిందనామాలు. ఆ జనంలో తెల్ల పంచె, ఖాకీ చొక్కా వేసుకున్న యాభై ఏళ్ళ మనిషి గొడుగు పైకెత్తి నిలబడి ఉన్నాడు. మునిరత్నం. ఒకప్పుడు జట్కా తోలేవాడట. ఆటోలు వచ్చాక గుర్రాన్ని అమ్మేసి గైడయ్యాడు.

గోవిందరాజస్వామి గుడి స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. పెద్ద గోపురం ముందు ఆగి, గొంతు సవరించుకుని, ఛాతీ విరిచి మొదలుపెట్టాడు. "దిస్ గోపురం సెవెన్ స్టోరీస్, మేడం. వెరీ యాన్షియంట్. ఇన్‌సైడ్, లార్డ్ స్లీపింగ్."

రుక్మిణమ్మ గారు గొడుగు నేలకు ఆనించి నిలబడ్డారు. "ఏమప్పా, నీది ఏ ఊరు?"

"ఈడే, చంద్రగిరి పక్కన పల్లె."

"మాది చిత్తూరు. తెలుగులో చెప్పు."

మునిరత్నం విరిచిన ఛాతీ దించేశాడు. "తెలుగులో నేనెప్పుడూ చెప్పింది లేదమ్మా. బొంబాయోళ్ళకు హిందీలో, మద్రాసోళ్ళకు అరవంలో, దొరలకు ఇంగ్లీషులో చెప్తాను. మనోళ్ళు గైడును పెట్టుకోరు. కొండకు పోతారు, గుండు కొట్టించుకుంటారు, లడ్డు కట్టించుకుంటారు, బస్సెక్కేస్తారు. తెలుగులో యాడ మొదలుపెట్టల్లో నాకే తెలీలేదు."

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. నేనేమో చూడకుండా చెప్పిన టీచర్ని, ఆయనేమో సొంత భాషలో చెప్పలేని గైడు. ఆ మాటే పైకి అనేశాను. మునిరత్నం కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. గుళ్ళో శేషుడి మీద పడుకున్న స్వామిని చూపిస్తూ ఒక ముక్క ఇంగ్లీషు, ఒక ముక్క తెలుగు, మధ్యలో అరవం కలిపి ఏదో సంగటి ముద్దలా చెప్పాడు. దర్శనం మాత్రం బాగా అయింది. బయటికొచ్చి సన్నిధివీధిలో ఇత్తడి అంగళ్ళు చూస్తూ మేడం ఒక పూజ గంట కొన్నారు. నాలుగు అంగళ్ళలో మోగించి చూసి, అయిదో అంగట్లో బేరం చేసి తొమ్మిది రూపాయలకు తెచ్చారు.

తొమ్మిదిన్నరకు ఆటోలో కపిలతీర్థం. ఎండాకాలం ఇంకా మొదలు కాకపోయినా జలపాతం సన్నటి దారంలా ఉంది. చూడాలనుకునేవాళ్ళు కార్తీకంలో వెళ్ళండి. మేడం ఆ నీటి కింద నాచు పట్టిన బండల్ని చాలాసేపు చూశారు. నేను నీళ్ళలో కాళ్ళు పెడతానంటే గట్టిగా "వద్దు" అన్నారు. ఆ 'వద్దు' ఎందుకంత గట్టిగా వచ్చిందో అప్పుడు నాకు తెలియదు.

పది ముప్పావుకు బస్టాండులో చంద్రగిరి బస్సెక్కాం. పదకొండు కిలోమీటర్లు, అరగంట. ఊళ్ళో దిగి కోటకు నడిచే దారిలో రెండు పక్కలా వేరుశనగ చేలు, ఆ తర్వాత చింత చెట్లు, వాటి వెనక మెల్లగా పైకి లేచే ప్రహరీ. కోట గుమ్మంలో అడుగుపెట్టగానే నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన గోడ ఇది! చేత్తో తడిమి చూశాను. వెచ్చగా ఉంది.

రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప ఒక్క కొయ్య ముక్క లేకుండా కట్టారు. లోపల చల్లగా, గబ్బిలాల వాసన. కాపలా మనిషి పైకి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. మెట్లు లోపలే! నేను అబద్ధం చెప్పలేదు! ఆనందంతో మూడు మెట్లు ఒకేసారి ఎక్కబోయి మోకాలు కొట్టుకున్నాను. మేడం నా వెనక గొడుగు మొనతో ప్రతి మెట్టునూ పొడిచి చూస్తూ ఎక్కారు. పైఅంతస్తు కమానుల్లోంచి కోనేరు, రాణీమహల్, వెనక కొండ, కొండ మీద రెండు రాతి స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఇంకో రాయి కనబడ్డాయి. "హ్యాంగింగ్ ప్లేస్" అన్నాడు మునిరత్నం. ఉరికంబమట. మా పిల్లలు ఇది చూస్తే వారం రోజులు ఇంకోటి మాట్లాడరు!

మేడం మెట్ల వైపు చూశారు. కమానులకు అడ్డు లేకపోవడం చూశారు. కోనేటి లోతు చూశారు. "లేదు వసంతా. పిల్లల్ని తీసుకురాలేను" అన్నారు.

నాకు కోపం ఆగదు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. "మీరు భయపడేది పిల్లల కోసమా మేడం, మీ కుర్చీ కోసమా?" అనేశాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను, కానీ మాట బయటికి వెళ్ళిపోయింది.

ఆవిడ కోప్పడలేదు. కమాను పక్కన గట్టు మీద కూర్చున్నారు. "ఎనిమిదేండ్ల కింద నేనూ నీ మాదిరే సోషల్ టీచర్ని. పలమనేరు పక్క ఒక జలపాతానికి తీసుకుపోదామని ఎగిరింది నేనే. నాచు మీద ఒక పిల్ల జారి చెయ్యి విరగ్గొట్టుకునింది. ఆరువారాల్లో అతుక్కునింది. ఆ పిల్ల బడికి మళ్ళీ వచ్చింది. కానీ ఆ వీధిలో ఇంకా ఏడుమంది పిల్లలుండారు. వాళ్ళ నాయన్లు బడి మాన్పించేసినారు. ఏడుమందీ బాగా చదివేవాళ్ళే. ఇంటింటికీ పోయి అడుక్కున్నాను. ఒక్కరు కూడా పంపలేదు." ఆవిడ నా వైపు చూశారు. "ఇంగ చెప్పు, ఇది కుర్చీ గొడవనా?"

సిగ్గుతో తల వంచుకున్నాను. మా మధ్య నిలబడ్డ మునిరత్నానికి ఎటు పోవాలో తెలియలేదు. కాసేపు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడి, ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు, ఛాతీ విరవలేదు.

"మా అవ్వ చెప్పేదమ్మా. ఈడ కూర్చోని రాజు అన్నం ముందర పెట్టుకోని కాసుకోని ఉండేవాడంట. కొండ మీద సామి తినందే ఈయన ముద్ద ముట్టడు. సామికి నైవేద్యం అయినప్పుడు ఆడ గంట కొడతారు గదా, అది ఈడికి వినబడదు. అందుకని దోవ పొడుగునా గంట మంటపాలు కట్టించినాడు. ఒగ మంటపంలో గంట ఇని ఇంగో మంటపంలో కొట్టాల, అది ఇని ఇంగోటి. అట్ల శ్రీవారి మెట్టు దిగి, చేలు దాటి, గంట ఈ మహల్ కాడికొచ్చేది. అప్పుడు రాజు పీట మీద కూర్చునేవాడు. మా అవ్వ కూడా మద్దేన్నం కొండ పక్క చెవి పెట్టి, ఇనబడిందిరా అని చెప్పి, అప్పుడే మాకు వడ్డించేది. ఏమీ ఇనబడేది లేదు. అయినా చెవి పెట్టేది."

అంతవరకూ తెలుగు రాదన్న మనిషి! ఏ పుస్తకంలోనూ ఈ ముక్క నేను చదవలేదు. "ఇది ఎవరికీ చెప్పలేదా నువ్వు?" అన్నాను.

"ఇంగ్లీషులో ఇది రాదు గదమ్మా నాకు" అన్నాడు.

మేడం కొండ వైపు చూస్తున్నారు. చేతి సంచిలోంచి పూజ గంట తీసి మునిరత్నం చేతిలో పెట్టారు. "కొండ మీద అదిగో ఆ పెద్ద బండ కాడికి పోయి కొట్టు. వినబడుతుందో లేదో చూస్తాను." నా వైపు తిరిగి, "నువ్వు మధ్యలో కోనేటి గట్టు మీద నిలబడు. అతని గంట విని కారియర్ మూత కొట్టు. నాకు వినబడితే తెల్ల రుమాలు ఊపుతాను. అంతవరకూ పులిహోర ఎవరూ ముట్టేది లేదు" అన్నారు.

అప్పటికి పన్నెండున్నర. పాకాల ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. మునిరత్నం పంచె ఎగ్గట్టి కొండ ఎక్కాడు. నేను కారియర్ మూత, గరిటె పట్టుకుని కోనేటి గట్టు మీద నిలబడ్డాను. ఒక సోషల్ టీచరు నడి ఎండలో గరిటె పట్టుకుని చెవులు రిక్కించి నిలబడటం చూసిన మేకల కాపరి ఏమనుకున్నాడో తెలియదు. మునిరత్నం ఇంకా సగం కొండ కూడా ఎక్కకముందే మహల్ పైన రుమాలు ఊగింది. నేను ఇంకా మూత కొట్టనే లేదు! పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, మహల్ వెనక మెడలో చిరుగంటలతో పన్నెండు మేకలు మేస్తున్నాయి. మేడం పైనుంచి తొంగి చూసి, "చీ!" అన్నారు. ఆవిడ పకపకా నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

మేకల్ని అవతలికి తోలించి మళ్ళీ మొదలుపెట్టాం. మునిరత్నం బండ మీద నుంచి చెయ్యి ఊపుతూ గంట కొడుతున్నాడు, నాకు గాలి తప్ప ఏమీ వినబడటం లేదు. నేను ముందుకు నడిచాను. ఇంకా నడిచాను. చింతచెట్టు దాటాక చెవిలో సన్నగా ఏదో తగిలింది. గంటే! మూత మీద దబదబా బాదాను. కానీ ఇప్పుడు నేను మహల్‌కు దూరమైపోయాను. రుమాలు ఊగలేదు.

ఇలా కాదని, కాపలా మనిషిని బతిమాలి కోనేటి గట్టు మీద నిలబెట్టాం. ఆయన రెండు రాళ్ళు పట్టుకున్నాడు. మునిరత్నం గంట, నా మూత, ఆయన రాళ్ళు. పైన కమానులో తెల్ల రుమాలు ఒకసారి కాదు, పదిసార్లు ఊగింది! అప్పటికి ఒకటిన్నర. నలుగురం రాజమహల్ నీడలో కూర్చుని చింతపండు పులిహోర తిన్నాం. ఎప్పుడూ అంత రుచిగా చేయలేదు నేను.

తింటూ ఉండగానే మేడం లెక్క మొదలుపెట్టారు. "ఒక మనిషికీ ఇంకో మనిషికీ నూరడుగులు. కొండ మీదికి పిల్లలు ఎక్కే పనిలేదు. మహల్ పైకి కూడా ఎక్కబల్లేదు. మునిరత్నం కొండ మీద కొడతాడు, పిల్లలు కింద చేలల్లో నిలబడతారు. గంట వాళ్ళ కాడికే వస్తుంది." నేను నోట్లో ముద్ద మింగడం మరిచిపోయాను. "అంటే సరేనన్నట్టేనా మేడం?" అన్నాను. ఆవిడ లెక్క ఆపకుండా, "పిల్లా పిల్లా మధ్యన ఒక తల్లి నిలబడాల. నాయన్లను అడిగి లాభం లేదు. తల్లుల్నే పిలిస్తే, బిడ్డను వదిలి పెట్టి వాళ్ళొక్కరే రారు" అన్నారు.

సాయంత్రం అయిదుంబావుకు చంద్రగిరి స్టేషన్‌లో చిత్తూరు పాసింజరు. మునిరత్నం బండి కదిలే దాకా ఉన్నాడు. డబ్బులిస్తుంటే, "టీచరమ్మా, ఆ పిల్లలు వచ్చేలోపల మిగతాది కూడా తెలుగులో తయారు చేసుకుంటాను" అన్నాడు.

ఈ ప్రయాణం చేయదలిచినవాళ్ళకు ఒకటే చెబుతాను. కొండకు వెళ్ళండి, వద్దనను. కానీ చంద్రగిరిలో ఒక్కసారి దిగండి. మన జిల్లాలో మనం రైలు కిటికీలోంచి చూసి వదిలేసినవి ఎన్ని ఉన్నాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మోకాలు వాచి, ముఖం ఎండకు మాడి, అంత సంతోషంగా నేను ఏ యాత్ర నుంచీ తిరిగి రాలేదు.

పాకాలలో బండి ఆగినప్పుడు మేడం కాగితం, కలం నా చేతికిచ్చి చీటీ చెప్పారు. "స్వామివారికి నైవేద్యమైన గంట చంద్రగిరి రాజుగారికి చేరిన విధము పిల్లలకు, తల్లులకు చూపించబడును. అందరూ తప్పక రావలెను." ఒక్క క్షణం ఆలోచించి, "కోట అనే మాట యాడా రాయొద్దు, నాయన్లు చదువుతారు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"ఇలాంటివి నలభై రాయాలి కదా?" అన్నాను.

"నలభై ఏడు" అన్నారు ఆవిడ.

నేను తలెత్తి చూశాను.

"ఆ పొద్దు బడి మానేసిన పిల్లలు కూడా ఇప్పుడు తల్లులే గదా. విజయ, సరోజ, ఇద్దరు లక్ష్ములు, రత్నమ్మ, వీళ్ళు ఊళ్ళోనే ఉండారు. హేమావతిది పలమనేరు." ఆవిడ ఏడో వేలు మడిచారు. "మల్లిక యాడుండాదో తెలీదు. పెండ్లయినాక యాడికి పోయిందో ఎవురూ చెప్పలేదు."

"మరి మల్లికకు ఎలా మేడం?"

"రాయి. యాడుండాదో నేను కనుక్కుంటాను."

బండి కదిలింది. కుదుపుకు అక్షరాలు వంకర పోతున్నా, పేరు మాత్రం సరిగ్గా దిద్ది, అన్నిటికంటే ముందు మల్లిక చీటీ రాశాను.